పిల్లల గూటికి కాపలా ఉన్న సుంకన్న

అనగనగా ఒక కాలం. ఎప్పుడని మాత్రం అడక్కండి. మీ తాతకి తాత ఇంకా గంప కింద కోడిపిల్లంత ఉన్నప్పుడనుకోండి. రెండు గుట్టల నడుమ ఒక పల్లె ఉండేది. దాని పేరు మా అవ్వ ఒకసారి ఒకటి చెప్పింది, ఇంకోసారి ఇంకొకటి చెప్పింది. గట్టిగా అడిగితే, "పేరుతో నీకేం పని, కోళ్ళ సంగతి విను" అంది. నేనూ మీకు అదే చెబుతున్నాను.

ఆ ఊళ్ళో ఇంటింటికీ కోళ్ళు. కోడి పిల్లల్ని లేపిందంటే, సాయంత్రానికి తల్లినీ పిల్లల్నీ కలిపి గంప కింద మూసేవాళ్ళు. గంప మీద ఒక రాయి పెట్టేవాళ్ళు. ఇక తెల్లారేదాకా బెంగ లేదు. కానీ రెండు మూడు నెలలు గడిచాక తల్లి మళ్ళీ గుడ్లకొస్తుంది. అప్పుడు దానికి ఏం పుడుతుందో ఏమో, నిన్నటిదాకా రెక్క కింద దాచుకున్న పిల్లల్నే ముక్కుతో పొడిచి తరుముతుంది. పిల్లలకి ఏమీ అర్థం కాదు. అటు చిన్నపిల్లలూ కావు, ఇటు చెట్టెక్కి పడుకునే పెద్ద కోళ్ళూ కావు. పొద్దు వాలేసరికి గంప ఉండే చోటికే పోతాయి. గంప లేని ఉత్త నేల మీద ఒకదాని మీద ఒకటి పడి కీచుకీచుమని ఏడుస్తాయి. కోళ్ళని పెంచినవాళ్ళు ఈ ఏడుపు వినే ఉంటారు. పెంచనివాళ్ళు నా మాట నమ్మండి.

ఒక ఏడాది గుట్ట మీంచి అడవిపిల్లి దిగింది. దిక్కుతోచని ఈ పిల్లల రుచి మరిగింది. ఈరోజు ఈ ఇంట్లో ఒకటి, రేపు ఆ ఇంట్లో రెండు. చివరికి పెద్దకాపు ఊరందర్నీ కూర్చోబెట్టాడు. ఊరికంతటికీ కలిపి ఒక గూడు కడదామన్నాడు. రాళ్ళ గోడ, పైన బండలు, లోపల అడ్డంగా కర్రలు, వంగి దూరేటంత వాకిలి. తల్లి తరిమేసిన పిల్లలన్నీ అందులో పడుకుంటాయి. పెద్దవయ్యాక ఎవరి కోళ్ళు వాళ్ళింటికి పోతాయి. బాగుందన్నారు అందరూ. నాలుగు రోజుల్లో గూడు లేచింది. దానికి పిల్లల గూడు అని పేరు పెట్టారు.

ఇంటికి మూడేసి చొప్పున ముప్పైమూడు పిల్లలు. మా మేనత్త నలభై అనేది. ఆమెకి ఏదైనా కొంచెం పెంచి చెప్పే అలవాటు.

మొదటి సాయంత్రం ఊరంతా కర్రలు, చేటలు, తువ్వాళ్ళు పట్టుకుని పిల్లల్ని గూట్లోకి తోలబోయారు. పిల్లలు వాకిలిదాకా వచ్చాయి. లోపలి చీకటి చూశాయి. వెనక్కి తిరిగి, తమ తమ గంపల చోటికి పరుగు తీశాయి. ఏ పిల్ల ఎవరిదో తెలీదు, ఎవరు ఎటు తరుముతున్నారో తెలీదు. ఒకరి కాళ్ళలో ఒకరు పడ్డారు. పెద్దకాపు పెళ్ళాం వెంగమ్మ, పిల్ల దొరికిందని దేన్నో గట్టిగా అదిమి పట్టుకుంది. తీరా చూస్తే అది చిన్నప్ప తలపాగా. ఆ గందరగోళంలో అడవిపిల్లి మూడు పిల్లల్ని ఎత్తుకుపోయింది.

చిన్నప్పంటే ఆ ఊళ్ళో శకునాలు చెప్పేవాడు. తలపాగా సర్దుకుని, గూటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"వాకిలి ఉత్తరానికి ఉండాది. దిక్కు కుదర్లేదు. తూర్పుకు తిప్పాల" అన్నాడు.

తెల్లారి ఉత్తరం వాకిలి మూసి తూర్పుగోడ పగలగొట్టారు. సాయంత్రం మళ్ళీ కర్రలు, మళ్ళీ చేటలు. నిన్న ఉత్తరం వాకిలి చూసి పెట్టుకున్న నాలుగైదు తెలివైన పిల్లలు తిన్నగా అక్కడికే వచ్చి, కొత్త గోడకి తల కొట్టుకుని, ఇదేమిటన్నట్టు నిలబడిపోయాయి. అడవిపిల్లి ఇంకో మూడింటిని తీసుకుపోయింది.

"తూర్పు మన ఊరికి పడలేదు. పడమరకు తిప్పాల" అన్నాడు చిన్నప్ప.

పడమరకి తిప్పారు. ఈసారి కొన్ని ఉత్తరం గోడకి కొట్టుకున్నాయి, కొన్ని తూర్పుగోడకి కొట్టుకున్నాయి. మనుషులు కూడా ఏ వైపు తోలాలో మరిచిపోయారు. ఇంకో మూడు పోయాయి. మిగిలినవి ఇరవై నాలుగు.

ఆ రెండుసార్లూ గోడ పగలగొట్టి, మళ్ళీ కట్టింది ఒక్కడే. వాడి పేరు సుంకన్న. మూడేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో వచ్చాడు. రాళ్ళ గోడలు కట్టేవాడు, కాపు ఇంటికి నీళ్ళు మోసేవాడు. కళ్ళం పక్కన చిన్న గుడిసెలో ఉండేవాడు. కాపు ఇంట్లోనే సంగటి తినేవాడు. ఎంత పనున్నా పొద్దు గూకకముందే తినేసి గుడిసె చేరేవాడు. అదేమని అడిగితే, మొక్కు అనేవాడు. ఏ దేవుడికని అడిగితే తల గోక్కునేవాడు.

అసలు సంగతి మీకు చెబుతాను, ఊళ్ళో చెప్పకండి. సుంకన్నకి రేచీకటి. పగలు గద్ద కళ్ళు. పొద్దు గూకిందంటే గోడకీ గొడ్డుకీ తేడా తెలీదు. పుట్టుకతోనే అంతే.

ఆ కారణంగా వాడు అంతకుముందు మూడు ఊళ్ళు పోగొట్టుకున్నాడు. మొదటి ఊళ్ళో, పెళ్ళి పందిట్లో, పెళ్ళికొడుకు తండ్రి బట్టతలని గుమ్మడికాయ అనుకుని ఎత్తబోయాడు. తరిమారు. రెండో ఊళ్ళో, తన గుడిసె అనుకుని పక్కింట్లోకి పోయి పడుకున్నాడు. కొట్టి తరిమారు. మూడో ఊళ్ళో బుద్ధి తెచ్చుకుని ఉన్న సంగతి ముందే చెప్పేశాడు. ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు. తిట్టలేదు, కొట్టలేదు. రేచీకటి అంటుకుంటుందని భయం, పిల్లలున్న ఊరు, ఏమీ అనుకోవద్దన్నారు. కడుపునిండా అన్నం పెట్టి మరీ పంపించారు. సుంకన్నకి దెబ్బలకంటే ఆ అన్నమే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇక ఎవరికీ చెప్పకూడదని అప్పుడు అనుకున్నాడు. వాడికి ఉన్నది ఒక్కటే కోరిక. ఒక్క ఊళ్ళోనైనా చచ్చేదాకా ఉండాలి. చచ్చాక, వీడు మావాడు అని నలుగురు అనాలి.

ఇప్పుడు చూడండి ఏమైందో. పడమటి వాకిలి కూడా తప్పాక, పెద్దకాపుకి విసుగొచ్చింది.

"దిక్కులు చాలప్పా. ఇంక మనిషి కావాల. పొద్దు గూకే యాళకు గూటికాడ ఉండే మనిషి. ఆ యాళకు ఒకడు కల్లంగడి కాడ, ఒకడు పులిజూదం కాడ. నమ్మేదెవర్ని?" అన్నాడు. నలుగురి మొహాలూ చూశాడు. చివరికి సుంకన్న దగ్గర ఆగాడు. "మన సుంకన్న ఉండాడు కదా. మూడేండ్లాయ ఊరికొచ్చి. దీపాలు పెట్టినాక వీణ్ణి బయట చూసినోళ్ళుంటే చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. ఎవరూ చూడలేదు మరి.

"అదీ బుద్ధంటే. ఈ పొద్దు నుంచి గూటికి వీడే కాపలా" అన్నాడు కాపు.

సుంకన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యా, నాకు కోళ్ళ పని తెల్దు" అన్నాడు.

"రాళ్ళ పని పుట్టినప్పుడే తెలుసునా? నేర్చుకో. ఒక్కటి గుర్తు పెట్టుకో. పిల్లలు ఇరవై నాలుగుండాయి. ఒక్కటి తగ్గినా ఈ ఊళ్ళో నీకు చోటు లేదు" అన్నాడు కాపు. తొమ్మిది పిల్లలు పోయిన కోపం ఆయనది.

చెబితే ఊరు పోతుంది. చెప్పకపోతే పిల్లలు పోతాయి, పిల్లలతోపాటు ఊరు పోతుంది. సుంకన్న మధ్యాహ్నమంతా గూటి ముందు కూర్చుని ఇదే తిప్పి తిప్పి ఆలోచించాడు. ఏమీ తోచలేదు. పొద్దు గుట్ట వెనక్కి జారింది. సుంకన్న కళ్ళ ముందు లోకం మూతపడింది.

అప్పుడు పిల్లలు ఏడవడం మొదలుపెట్టాయి.

ఊరివాళ్ళు ఆ ఏడుపుని మొండితనం అనుకునేవాళ్ళు. సుంకన్నకి అలా వినపడలేదు. ఎక్కడున్నామో తెలీనివాళ్ళు ఏడ్చే ఏడుపు అది. ఆ ఏడుపు వాడికి బాగా తెలుసు. చిన్నప్పుడు వాడూ రోజూ ఆ వేళకి అలాగే ఏడ్చేవాడు. వాళ్ళమ్మ వచ్చి వాడి చెయ్యి పట్టుకునేది. ఆ చేతిని గోడకి తాకించి, ఇది గోడ అనేది. మంచానికి తాకించి, ఇది మంచం అనేది. తన చెంపకి తాకించుకుని, ఇది నేను అనేది. అంతే, ఏడుపు ఆగిపోయేది. వీటికి అమ్మ లేదు, ఉన్న అమ్మ పొడిచి తరిమింది, గంప తీసేశారు, వాకిలి రెండుసార్లు తిప్పారు. తిప్పిన చేతులు తనవే.

మోకాళ్ళ మీద పాకుతూ ఏడుపు వినపడిన వైపు పోయాడు. చేతికి మెత్తగా తగిలింది. చీకటి పడ్డాక కోడిపిల్ల పరిగెత్తదు, ముద్దలా ఉండిపోతుంది. దాన్ని ఒక చేత్తో రొమ్ముకి అదుముకుని, ఇంకో చేత్తో గోడ తడుముకుంటూ వాకిలి వెతుక్కున్నాడు. లోపలికి వంగి, దాన్ని గోడకి తాకించాడు. "ఇది గోడ" అన్నాడు. దాని కాళ్ళు కర్రకి తాకించాడు. "ఇది కర్ర" అన్నాడు. వేలితో దాని ముక్కు నిమిరాడు. "ఇది నేను" అన్నాడు. పిల్ల కర్రని గట్టిగా పట్టుకుంది. ఏడుపు ఆపింది.

అలా ఒకటి, రెండు, మూడు. ఈ గోడ పక్కన కొన్ని, ఆ గోడ పక్కన కొన్ని. ఇది గోడ, ఇది కర్ర, ఇది నేను. ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగోది కొంచెం పెద్దగా, వెచ్చగా, బరువుగా తగిలింది.

"ఎవరింటి దానివే నువ్వు, బాగా మేసినావు" అన్నాడు సుంకన్న.

అది అడవిపిల్లి.

పిల్లల కోసం నక్కి కూర్చున్నదాన్ని వచ్చి ఒకడు ఎత్తుకున్నాడు. తరిమేవాళ్ళని చూసిందిగానీ, ఎత్తుకునేవాణ్ణి ఆ పిల్లి ఎన్నడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలీక ఊరుకుంది. సుంకన్న దాన్ని వాకిట్లోకి తెచ్చి గోడకి తాకించాడు. "ఇది గోడ" అన్నాడు. పిల్లి వింది. కర్రకి తాకించాడు. "ఇది కర్ర" అన్నాడు. పిల్లి అదీ వింది. "ఇది నేను" అని ముక్కు నిమరబోయేసరికి, ఆ పిల్లికి మతి పోయింది. వాడి చెయ్యి మోచేతిదాకా గీరి, ఒక్క దూకు దూకి గుట్టల్లోకి పోయింది.

పిల్ల జారిపోయిందనుకున్నాడు సుంకన్న. నేలంతా తడిమాడు. గోడల చుట్టూ పాకాడు. ఒక మూల చెట్టు మొదట్లో ఒక పిల్ల దొరికితే తెచ్చి పెట్టాడు. కానీ జారిపోయింది అదేనో కాదో తెలీలేదు. లెక్కపెడితే వేళ్ళు తప్పాయి. ఒకసారి ఇరవై అయిదు వచ్చింది, ఒకసారి ఇరవై మూడు వచ్చింది. వాకిలికి బండ అడ్డం పెట్టి, దానికి ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. ఈ ఊరూ పోయింది, ఇంక నాలుగో ఊరు ఎతుక్కోవాలి కాబోలు, కాదు అయిదోది, అనుకున్నాడు. ఏది ఎన్నో ఊరో కూడా వాడికి ఆ పూట తెలీలేదు.

తెల్లారి ఊరంతా వచ్చింది. బండ తీసి లెక్కపెట్టారు. ఇరవై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టారు. ఇరవై నాలుగే. మన్నులో పిల్లి అడుగులున్నాయి, వాకిట్లో పిల్లి బొచ్చుంది, సుంకన్న చేతి మీద గోళ్ళ గీరులున్నాయి.

"ఏమిరా ఇది?" అన్నాడు కాపు.

"పుంజుపిల్ల గీరిందయ్యా" అన్నాడు సుంకన్న.

ఊరివాళ్ళు ఆ గీరుల వైపూ వాడి మొహం వైపూ మార్చి మార్చి చూశారు. అడవిపిల్లిని వట్టి చేతుల్తో పట్టుకుని, పుంజుపిల్ల అంటున్నాడు, ఎంత ధైర్యం, ఎంత అణకువ అనుకున్నారు. సుంకన్నకి ఆ చూపులు ఎందుకో అర్థం కాలేదు. వాళ్ళకి సుంకన్న అర్థం కాలేదు. ఆ పిల్లికి ఎవరూ అర్థం కాలేదు, మళ్ళీ ఆ గూటి దరిదాపులకి రాలేదు.

"అయినా దక్షిణానికి ఒకసారి తిప్పి చూద్దామా?" అన్నాడు చిన్నప్ప.

ఆ ఊరికొచ్చాక సుంకన్న ఎవరికైనా ఎదురు చెప్పింది అప్పుడే. "వద్దు చిన్నప్పన్నా. ఎటుంటే ఏం? ఒక్కచోటే ఉండాల. రోజూ తిప్పితే అవి యాడని పోతాయి?" అన్నాడు. అని వెంగమ్మ వైపు తిరిగాడు. "అక్కా, మూడు దినాలు పిల్లల్ని బయటికి వదలొద్దు. నీళ్ళూ నూకలూ లోపలే పెడదాం."

"పగలు కూడానా?" అంది వెంగమ్మ.

"పగలే ముఖ్యం. కండ్లు కనపడేటప్పుడు చూసుకుంటే, కనపడనప్పుడు తెలుస్తాది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పగలు కోళ్ళని మూసిపెట్టడం వాళ్ళు పుట్టాక ఎరగరు. అయినా సరేనన్నారు. మూడు పగళ్ళు పిల్లలు లోపలే తిరిగాయి, గోడలు చూశాయి, కర్రలెక్కి దిగాయి. మూడు సాయంత్రాలూ సుంకన్న వంగి లోపలికి పోయి, కింద గుంపుగా పడి ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టాడు. లోపల ఈకలూ దుమ్మూ కళ్ళలో పడతాయి, తెరిచినా ఒకటే మూసినా ఒకటే, అందుకని కళ్ళు మూసుకునే ఉండేవాడు. ఇది గోడ, ఇది కర్ర, ఇది నేను. నాలుగోరోజు వాకిలి తీశారు. పొద్దు వాలాక సగం పిల్లలు తమంతట తామే లోపలికి పోయాయి. మిగతా సగం వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూశాయి. వాటిని సుంకన్న ఎత్తి పెట్టాడు. కథలో మూడురోజులకే అన్నీ నేర్చుకున్నాయంటారు. కోడిపిల్లల సంగతి నాకు తెలుసు, పదిహేను రోజులైనా పట్టి ఉంటుంది.

ఆ తరవాత ఏడాదికి రెండు మూడుసార్లు, తల్లులు తరిమిన కొత్త పిల్లలు గూటికి వచ్చేవి. సుంకన్న వాటికీ అలాగే చెప్పేవాడు. వాడు కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతాడని ఊళ్ళో పాకింది. అది మంత్రమని చిన్నప్ప గట్టిగా చెప్పాడు. మంత్రం చదివేటప్పుడు కళ్ళు తెరిపించకూడదు, పలకరించకూడదు, అడ్డం రాకూడదన్నాడు. పక్క ఊళ్ళవాళ్ళు మంత్రం నేర్చుకుందామని వచ్చేవాళ్ళు. సుంకన్న దాచుకోకుండా చెప్పేవాడు. ఇది గోడ, ఇది కర్ర, ఇది నేను. వాళ్ళు కాసేపు చూసి, అసలుది చెప్పడంలేదని గొణుక్కుంటూ పోయేవాళ్ళు.

ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. ఇరవై ఏళ్ళూ ఒక్క పిల్ల తగ్గలేదు. ఇరవై ఏళ్ళూ, పొద్దు వాలేసరికి, ఈరోజు బయటపడుతుంది, ఈరోజు పొమ్మంటారు అని సుంకన్న గుండె దడదడలాడుతూనే ఉంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒక వానాకాలం సుంకన్నకి జ్వరమొచ్చింది. ఒకరోజు తగ్గింది, రెండోరోజు పెరిగింది, మూడోరోజు లేవలేదు. ఆ సాయంత్రం వెంగమ్మ గుడిసెకి వచ్చింది. ఆమెకీ జుట్టు నెరిసింది. దీపం వెలిగించి వాడి తలదగ్గరే పెట్టింది. వెలుతురు వాడి మొహం మీదే పడుతోంది.

"అక్కా, పొద్దు గూకిందా?" అన్నాడు సుంకన్న.

వెంగమ్మ దీపం వైపు చూసింది. "లేదు సుంకన్నా. ఇంకా బాగా పొద్దుండాది" అంది.

"దీపం పెట్టలేదు కదా?"

"ఇంకా పెట్టలేదు."

"పిల్లలు?"

"అన్నీ ఎక్కినాయి. లెక్క సరిపోయినాది."

"కాపుకు చెప్పక్కా. ఒక్కటీ తగ్గలేదని చెప్పు" అన్నాడు సుంకన్న. ఆ రాత్రే పోయాడు.

ఊరంతా వచ్చి, తలా పిడికెడు మన్నేసి పూడ్చారు. మూడోరోజు పెద్దకాపు, వెంగమ్మ, చిన్నప్ప గూటి ముందు కూర్చున్నారు. సుంకన్న చెప్పమన్న మాట వెంగమ్మ చెప్పింది. కాపుకి ముందు అర్థం కాలేదు.

"ఒక్కటి తగ్గితే ఏం?" అన్నాడు.

"చోటు లేదన్నావంట కదా, ఒక్కటి తగ్గినా" అంది.

కాపు తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ పొద్దు కోపంలో అన్నాను. తెల్లారేసరికి మరిచిపోయినా. ఇరవై ఏండ్లు మోసినాడా వాడు ఆ మాటను?"

అప్పుడు వెంగమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "మీకిద్దరికీ ఒకటి చెప్తా. ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదు. సుంకన్నకు రేచీకటి. ఆ మొదటి దినమే చూసినా. నేను మా పెరటి గోడకాడ ఉండాను. కండ్లున్నోడెవడూ అడవిపిల్లిని ఎత్తుకుని, బాగా మేసినావని అనడు. మీకు తెలిస్తే తరుముతారని చెప్పలేదు. అందుకే పొద్దుండంగానే సంగటి పెట్టేదాన్ని. నీళ్ళకుండ ఒక్కచోటే పెట్టేదాన్ని."

కాపు పెళ్ళాం మొహం చూశాడు. "నీకు తెలుసునా?" అన్నాడు. "నాకూ తెలుసు. ఒకనాడు పొద్దు గూకినాక, కొట్టంలో కట్టేసిన మన ఎనుముకు దండం పెట్టినాడు, దండాలయ్యా అని. నేను పక్కనే ఉండాను. ఎనుము బదులు నేనే 'ఆఁ' అన్నా. నీకు చెప్తే నీ నోట్లో నిలవదని చెప్పలేదు. ఊరికి తెలిస్తే తరుముతారని ఎవరికీ చెప్పలేదు."

ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేస్తూ ఇద్దరూ ఒకే సంగతి ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. ఇద్దరూ చిన్నప్ప వైపు తిరిగారు.

చిన్నప్ప నేల మీద పుల్లతో గీస్తున్నాడు. "మంత్రం అని ఏంటికి చెప్పినాననుకుంటిరి? వాడు కండ్లు ఏంటికి మూస్తాడని ఎవరూ అడక్కుండా ఉండాలని చెప్పినా. నాకు మొదటి ఏడే తెలుసు. ఒకనాడు పొద్దు గూకినాక, దక్షిణం యాడుంది సుంకన్నా అని అడిగితే, నా మొహాన్నే చూపించినాడు" అన్నాడు.

ఆ సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. పాకాక తెలిసిందేమిటంటే, ఊళ్ళో అందరికీ తెలుసు. కుమ్మరికి తెలుసు, మంగలికి తెలుసు, నీళ్ళ దారిలో రాళ్ళు తీసి పక్కన పెట్టే ముసలమ్మకి తెలుసు. మిగతావాళ్ళకి తెలిస్తే తరుముతారని ఎవరికి వాళ్ళు కడుపులో దాచుకున్నారు. ఊరంతా వాణ్ణి ఊరినుంచి కాపాడింది. వాడొక్కడికే ఆ సంగతి తెలీదు. ఊళ్ళోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో వాళ్ళకి తెలీలేదు. కొందరు నవ్వారు, తరవాత వాళ్ళే ఏడ్చారు.

"పొద్దుండాదని అబద్ధం చెప్పినా" అంది వెంగమ్మ. "దీపం పెట్టినాను సుంకన్నా, నాకు తెలుసులే అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్కమాట నా నోట రాలేదు."

అదే సాయంత్రం కొత్త పిల్లలు గూటికి చేరాల్సి ఉంది. వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూస్తూ ఏడుస్తున్నాయి. ఎవరు పెట్టాలో ఎవరికీ తోచలేదు. వెంగమ్మే వంగి లోపలికి పోయింది. సుంకన్న మూసినట్టే కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆమెకి వాడి చీకటి ఎంతో తెలిసింది. ఒక పిల్లని పట్టుకుంది. ఇది గోడ, అంది. ఇది కర్ర, అంది. ఇది నేను, అంది. అక్కడితో ఆగలేకపోయింది. "నాకు తెలుసులే నాయనా. భయపడొద్దు" అంది. ప్రతి పిల్లకీ ఆ మాట చెప్పింది. బయట నిలబడి ఒక్కొక్క పిల్లనీ అందిస్తున్న కాపు కూడా ప్రతిసారీ ఆ మాట అన్నాడు.

ఆ గుట్టల వైపు ఇప్పటికీ అంతే. కోడిపిల్లల్ని కొత్త గూట్లో పెట్టేవాళ్ళు వాకిలి ఎటున్నా తిప్పరు. మూడు పగళ్ళు లోపలే ఉంచుతారు. పొద్దు వాలాక కళ్ళు మూసుకుని, ఒక్కొక్కదాన్నీ కర్ర మీద పెట్టి ఆ మాటలు చెబుతారు. మూడు సుంకన్నవి, నాలుగోది ఊరు చెప్పలేకపోయినది. కోడిపిల్లలకే కాదు. ఆ ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా, కోడలైనా కూలివాడైనా, మొదటి సాయంత్రం ఇంటి పెద్దవాళ్ళెవరో వచ్చి చెయ్యి పట్టుకుంటారు. గోడ చూపిస్తారు, పడక చూపిస్తారు, ఇది నేను అంటారు. చివర్న, నాకు తెలుసులే అంటారు. ఏం తెలుసని అడిగితే వాళ్ళు చెప్పలేరు. మొదటి మూడు మాటలూ ఒకపూట ఆలస్యమైనా పరవాలేదట. నాలుగోది మాత్రం మొదటి సాయంత్రమే చెప్పాలట.